మెమరీ చెడిన ల్యాప్‌టాపు – తల్లిదండ్రులు తెలిసికొనదగిన సంగతులు

మన విద్యార్థుల ఇండ్లలో ల్యాప్‌టాపు నేడు వింత వస్తువు కాదు. క్రొత్తదాని వెల భరింపలేని తల్లిదండ్రులు కొందరు వాడిన యంత్రమును కొని పిల్లల కిచ్చుచున్నారు. అందు తప్పేమియు లేదు. అయితే అట్టి యంత్రమున మెమరీ చెడియున్నచో కలుగు నష్టము వెంటనే కంటికి కనబడదు. కావున ఈ విషయమును కొంత వివరింపదలచితిమి.

మెమరీ యనగా నేమి?

బాలుడు లెక్కను మొదట పలకపై చేసి, పిమ్మట పుస్తకమున కెక్కించును. ల్యాప్‌టాపులో ర్యామ్ అను మెమరీ పలక వంటిది. డిస్కు పుస్తకము వంటిది. విద్యుత్తు ఆగినచో పలక తుడిచికొనిపోవును, పుస్తకము నిలుచును. మనము చేయు ప్రతి మార్పును ముందు పలకపై నుండి, తరువాతనే పుస్తకమున కెక్కును. కావున పలక చెడినచో, పుస్తకము ఎంత మంచిదైనను అందలి వ్రాత తప్పగును.

ఈ విధమైన మెమరీని 1966లో ఐ.బి.ఎం. సంస్థయందు రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టెను. ఇందు మిక్కిలి చిన్న గదులుండును. గదిలో విద్యుదావేశ మున్నచో 1, లేనిచో 0. 8 జీబీ మెమరీలో ఇట్టి గదులు 6,800 కోట్లకు పైగా నుండును. చిల్లికుండలో నీటివలె ఆవేశము కారిపోవుచుండును గనుక, సామాన్యముగ 64 మిల్లీసెకనులలోపల ప్రతి గదిని మరల నింపవలెను. వేడిమి హెచ్చినకొలది ఆవేశము త్వరగా కారిపోవును. ఎండలు 40 డిగ్రీలు దాటు మన రాయచూరు జిల్లాలో, యంత్రమును పరుపుపై నుంచి గాలి తగులకుండ వాడినచో, బలహీనమైన గదులు మరింత త్వరగా తప్పుచేయును.

ఒక్క అంకె తప్పినచో

91 అను మార్కులను యంత్రము 1011011 అని వ్రాసికొనును. మొదటి 1 పోయి 0 అయినచో మిగులునది 27 మాత్రమే. అక్షరములకును ఇదే గతి. యూనికోడు పద్ధతిలో తెలుగు 'ర' సంఖ్య 3120, 'ల' సంఖ్య 3122. ఒక్క అంకె తారుమారైనచో 'రమణ' 'లమణ' యగును. మరియొక వింత గలదు. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. భేదము సరిగా 128, అనగా ఒక్క అంకె మార్పే. సోదర లిపులగు ఈ రెంటిని యంత్రమున వేరుచేయునది అంత సన్నని గీత! పదవ తరగతి పట్టికలో తప్పుగ నెక్కిన పేరును దిద్దించుట ఎంత ప్రయాసయో తల్లిదండ్రు లెరుగుదురు.

2003 మే 18న బెల్జియం దేశమున స్కార్‌బీక్ అను చోట జరిగిన ఎన్నికలో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అధికముగ లెక్కకు వచ్చెను. మెమరీలో ఒక్క అంకె తారుమారగుటయే కారణమని పరిశీలకులు భావించిరి. లెక్క అసంభవముగ నుండుటచే తప్పు పట్టుబడినది. అధికముగ వచ్చినవి రెండే ఓట్లయినచో ఎవరు కనిపెట్టగలరు?

ఇట్టి తప్పులను యంత్రమే కనుగొని దిద్దుకొను ఉపాయమును రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించెను. పెద్ద సంస్థల యంత్రములలో అట్టి ఏర్పాటు గలదు. గూగుల్ సంస్థ యంత్రములను గూర్చి 2009లో వెలువడిన పరిశోధనలో, నూటికి సుమారు 8 ర్యామ్ స్టిక్కులయందు ఏటా ఒక తప్పైనను కనబడినట్లు తేలెను. అచ్చట యంత్రము తప్పును దిద్దుకొనెను. మన ఇండ్లలోని ల్యాప్‌టాపులలో సాధారణముగ ఆ ఏర్పాటు లేదు.

గుర్తులు, అపాయములు

నీలి తెర కనబడి యంత్రము ఆగుట, తనంతట మరల మొదలగుట, ఫైళ్లు తెరువబడకుండుట, ఫోటోలలో రంగు చారలు పడుట – ఇవి గుర్తులు. వీనికి ఇతర కారణములును ఉండవచ్చును గనుక ఊహపై నిర్ణయింపరాదు, పరీక్షింపవలెను. ఆగిపోవు యంత్రముకంటె ఆగక తప్పు వ్రాయు యంత్రమే అపాయకరము. అన్నిటికంటె గొప్ప అపాయము నకళ్ల విషయము. చెడిన మెమరీగల యంత్రముతో నకలు తీసి, పాత మంచి నకలుపై వ్రాసినచో, ఉన్న మంచి ప్రతియు పోవును.

చేయవలసిన పనులు

1. వాడిన యంత్రమును కొనునపుడు, సొమ్ము చెల్లింపక మునుపే విండోసులోని మెమరీ డయాగ్నోస్టిక్ గాని, మెమ్‌టెస్ట్86 గాని నడిపించి చూడవలెను. కొన్ని గంటలు పట్టినను ఓర్చుకొనవలెను.

2. పరీక్షలో ఒక్క తప్పు కనబడినను ఆ యంత్రమున ముఖ్యమైన పని చేయరాదు. క్రొత్త ప్రోగ్రాములను ఎక్కింపరాదు.

3. డిస్కును విప్పించి, మంచి యంత్రమునకు తగిలించి నకలు తీయింపవలెను. పాత నకళ్లను చెరుపరాదు.

4. రెండు ర్యామ్ స్టిక్కులున్నచో ఒక్కొక్కదానిని విడిగ పరీక్షింపవలెను. కొన్నిసార్లు తీసి సరిగా బిగించుటతోనే దోషము పోవును. నేటి పెక్కు యంత్రములలో మెమరీ బోర్డుకే అతికింపబడి యుండును గనుక కొనునపుడే విచారింపవలెను.

5. ధ్రువపత్రముల అసలు కాగితములను భద్రపరుపవలెను. మార్కులు, పేర్లు, తేదీలు టైపు చేసిన తరువాత కాగితముతో సరిచూడవలెను.

పిల్లవాని లెక్క తప్పినపుడు వానిని మందలించుటకు ముందు పలక పగిలినదేమో చూచుట న్యాయము. ల్యాప్‌టాపు విషయమునను అంతే. యంత్రము చూపినదెల్ల సత్యమని నమ్మక సరిచూచుకొను అలవాటును పిల్లలకు నేర్పుటలో తల్లిదండ్రులు మాకు తోడ్పడుదురని ఆశించుచున్నాము.