ఈ బియ్యం ప్లాస్టిక్‌వా టీచరమ్మా?



మన విచారణల్లో ఉపాధ్యాయులు లేని వీధి ఉండదు. ప్రభుత్వ బడిలో పనిచేసేవారు, మన బడుల్లో పనిచేసేవారు, సాయంత్రం వసారాలో ట్యూషన్ చెప్పేవారు, ఆదివారం పిల్లలకు సత్యోపదేశం నేర్పేవారు ఎందరో ఉన్నారు. జనం వీరందరినీ ఒకే తీరుగా చూస్తారు. చదువుకున్నవారు, అడిగితే చెబుతారు అనుకుంటారు. అందుకే వీధిలో ఏ భయం పుట్టినా అది మొదట వీరి గుమ్మానికే వస్తుంది. ఆ గుమ్మం దగ్గర ఎలా మాట్లాడాలన్నది ఈ వారం మన పాఠం.

లాలాపేటలో ఒక బడి అనుకుందాం. గంట కొట్టారు, పిల్లలు లోపలికి పోయారు. ఒక తల్లి గేటు దగ్గరే నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి నాలుగు గింజలు అరచేతిలో పోసి చూపిస్తుంది.

"గివేం బియ్యం టీచర్? కడుగుతుంటే నీళ్ళ మీద తేలుతున్నయ్. ప్లాస్టిక్ అంటున్నరు అందరు. మా పోరడికి బడిల గివే పెడ్తున్రు గదా?"

ఇప్పుడు మీరేమంటారు? చాలామందికి ముందుగా నోటికి వచ్చేది, "ఇవన్నీ ఫోన్లలో వచ్చే పుకార్లమ్మా, నమ్మకండి" అన్న మాట. ఆ మాటతో సంభాషణ అక్కడే ముగిసిపోతుంది. ఆమె పుకారు మోసుకొని రాలేదు. తన కళ్ళతో చూసిన గింజ తెచ్చింది. గింజ నిజంగానే తేలింది, నిజంగానే మిగతావాటికంటే వేరుగా ఉంది. "నమ్మకండి" అంటే తన కళ్ళను తాను నమ్మకూడదని అర్థం. బిడ్డ తిండి విషయంలో ఏ తల్లి ఒప్పుకుంటుంది?

ఈ తప్పు నేనూ చేశాను. 2017 జూన్‌లో హైదరాబాదులోనూ జిల్లాల్లోనూ ప్లాస్టిక్ బియ్యం గోల లేచింది. అన్నం ముద్ద చేసి నేలకు కొడితే బంతిలా ఎగిరే వీడియోలు ఫోన్లలో తిరిగాయి. పౌరసరఫరాల శాఖ నమూనాలు తీసి పరీక్ష చేయించింది, ప్లాస్టిక్ దొరకలేదు. అప్పుడు మా బంధువు ఒకామె ఆ వీడియో చూపిస్తే నేను నవ్వాను. ఉడికిన అన్నంలో పిండిపదార్థం జిగురవుతుందనీ, గట్టిగా పిసికిన ముద్ద ఏ బియ్యానిదైనా కొంచెం ఎగురుతుందనీ నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు, నవ్వాను. ఆ తర్వాత ఆమె నన్నేమీ అడగలేదు. వీడియోలు మాత్రం చూస్తూనే ఉంది.

మళ్ళీ గేటు దగ్గరికి వద్దాం. అక్కడ ఇంకో పదిమంది వింటున్నారు. పదిమందిలో తప్పని తేలితే ఎవరూ వెనక్కి తగ్గరు. "లోపలికి వచ్చి కూర్చోండమ్మా, ఏవీ, చూద్దాం" అనండి. గింజలు మీ చేతిలోకి తీసుకోండి. ఎన్ని దొరికాయి, ఎక్కడి సంచిలోవి, ఎవరన్నారు అని అడగండి. పోలీసు అడిగినట్లు కాదు, డాక్టరు అడిగినట్లు అడగాలి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మీరు జవాబు మొదలుపెట్టకండి. టీచర్లకు అలవాటైన పని కాదిది. నలభై నిమిషాలు మనమే మాట్లాడే వృత్తి మనది.

తర్వాత ఆమె మాటలో నిజమెంతో ముందుగా ఒప్పుకోండి. "మీరు చూసింది సరే. ఇది మామూలు గింజ కాదు, బలవర్ధకం చేసి కలిపిన గింజ."

దీని సంగతి టీచరుకు బాగా తెలిసి ఉండాలి. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిన పథకం ప్రకారం ఈ బియ్యం మొదట అంగన్‌వాడీలకు, బళ్ళకు, ఆ తర్వాత రేషన్ దుకాణాలకు వచ్చింది. బియ్యాన్ని పిండి పట్టి, అందులో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, తడిపి, వేడి యంత్రంలో బియ్యపు గింజ ఆకారంలో వత్తి ఆరబెడతారు. మనం మురుకులు గొట్టంలో వత్తుకోమూ, అలాంటిదే. మామూలు బియ్యం వంద కిలోలకు ఇది ఒక కిలో కలుపుతారు. పిండితో చేసిన గింజ కాబట్టి రంగు తేడాగా ఉంటుంది, కొన్నిసార్లు నీటిపై తేలుతుంది. సంచి మీద ప్లస్ గుర్తు, పక్కన ఎఫ్ అక్షరం ఉంటాయి.

పాపం, ఆ తల్లి ఏం చేస్తోంది? తేలిన గింజలన్నీ ఏరి పారబోస్తోంది. ఇనుము ఉన్నది వాటిలోనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. తరగతిలో పదిగంటలకే తల వాల్చే పిల్లలను మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

మాటకంటే చూపడం మేలు. ఒక గింజను నానబెట్టి, చిదిమి, బడి ప్రయోగశాలలోని అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేయండి. నల్లని నీలిరంగు వస్తే అది పిండిపదార్థం. పక్కనే మామూలు బియ్యపు గింజ మీద ఒక చుక్క, ఒక ప్లాస్టిక్ ముక్క మీద ఒక చుక్క వేయండి. ప్లాస్టిక్ మీద ఆ రంగు రాదు. చుక్కలు ఆ తల్లి చేతనే వేయించండి. రేపు వీధిలో ఆమె "టీచర్ చెప్పింది" అనదు, "నేను చేసి చూసిన" అంటుంది. (పరీక్ష చేసిన గింజలు పారవేయాలి, తినకూడదు.)

ఆమె ఇంకో ప్రశ్న వేయవచ్చు: "మా అమ్మ ఇవేమీ తినలే, గట్టిగానే ఉన్నది గదా?" మంచి ప్రశ్న, దానికి జవాబు మన పొరుగునే ఉంది. లాలాపేట నుంచి తార్నాక వైపు వస్తే ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. ఆ సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యంలో, బెరిబెరి జబ్బును పరిశోధించే చిన్న కేంద్రంగా పుట్టింది. హైదరాబాదుకు 1958లో వచ్చింది. బెరిబెరి వచ్చేది మరపట్టి తెల్లగా చేసిన బియ్యమే ప్రధాన ఆహారమైన చోట. తవుడుతో పాటు బి1 విటమిన్ పోతుంది గనుక. అమ్మమ్మ తిన్నది దంపుడు బియ్యం, దానితో ఆకుకూర, పప్పు, జొన్నరొట్టె. కాబట్టి ఆమె అన్నదానిలో నిజముందని చెప్పండి.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆమెను ఒప్పించే ఉత్సాహంలో మనం అతిగా మాట్లాడకూడదు. "ఈ బియ్యం తింటే రక్తహీనత పోతుంది" అని హామీ ఇవ్వకండి. బియ్యంలో ఇనుము కలపడం అందరికీ అవసరమా, ఎంత మేలు చేస్తుంది అన్న చర్చ శాస్త్రజ్ఞుల మధ్యనే ఉంది. తలసీమియా ఉండి తరచూ రక్తం ఎక్కించుకునే బిడ్డకు ఇనుము విషయంలో వైద్యుని మాట ప్రకారమే నడవాలి. ప్లాస్టిక్ అవునా కాదా అన్నది ఒక ప్రశ్న, అవసరమా కాదా అన్నది ఇంకొకటి. మొదటిదానికి గట్టిగా "కాదు" అనండి. రెండవదానికి "పెద్దలే ఇంకా తేల్చుకుంటున్నారు" అనండి. తెలియనిదానికి "కనుక్కొని శుక్రవారం చెబుతా" అని, శుక్రవారం తప్పకుండా చెప్పండి. ఆ శుక్రవారం మరచిపోతే ఇంతసేపు చేసిందంతా వృథా.

ఆమె అప్పటికప్పుడు ఒప్పుకోకపోవచ్చు. "ఏమో టీచర్" అంటూ లేచిపోవచ్చు. పోనివ్వండి, వెంటపడకండి. మళ్ళీ గింజలు తెచ్చి చూపిస్తే అది మంచి గుర్తే.

ఈ వారం ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఒకరు ఆ తల్లిగా, ఒకరు టీచరుగా కూర్చొని ఐదు నిమిషాలు మాట్లాడి చూడండి. తర్వాత పాత్రలు మార్చుకోండి. మిగతావారు మధ్యలో కలుగజేసుకోవద్దు. అయిపోయాక తల్లిగా కూర్చున్నవారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఏ మాట దగ్గర నీకు లేచి వెళ్ళిపోవాలనిపించింది?"