ప్లాస్మా కణాల గడ్డ ఒక్కచోటే ఉంటే ఏ చికిత్స ఎప్పుడు? – ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు అవగాహన పాఠం

రిపోర్టులో “సాలిటరీ ప్లాస్మాసైటోమా” అని రాసి ఉంటే చాలామంది మొదట అడిగే మాట: “కీమో ఎన్నిసార్లు? మూలకణ మార్పిడికి ఎంతవుతుంది?” అప్పు కోసం పరుగెత్తే ముందు ఈ పాఠం చదవండి. ఈ గడ్డకు ముఖ్యమైన చికిత్స రేడియేషన్.

ఇది ఏ జబ్బు?
మన ఒంట్లో రోగాలతో పోరాడే యాంటీబాడీలను తయారుచేసేవి ప్లాస్మా కణాలు. అవి ఎక్కువగా ఎముక మూలుగలో ఉంటాయి. అవి అదుపు తప్పి పెరిగి ఒకే చోట గడ్డ కడితే అదే ఈ జబ్బు. ఎక్కువగా వెన్నుపూసల్లో వస్తుంది. కొందరికి ఎముక బయట, ముక్కు, గొంతు భాగాల్లో వస్తుంది. ఇదే కణాలు మూలుగ అంతా పాకితే దాన్ని మల్టిపుల్ మైలోమా అంటారు.

ఇన్ని పరీక్షలు ఎందుకు?
గడ్డ నిజంగా ఒక్కటేనా అని తేల్చడానికి. ముక్క పరీక్ష, మూలుగ పరీక్ష, రక్త, మూత్ర పరీక్షలు, పెట్ సీటీ లేదా ఎమ్మారై స్కాన్ చేస్తారు. వీటిని బట్టే చికిత్స మారుతుంది కాబట్టి ఏదీ వదిలేయొద్దు.

రేడియేషన్
మన ఊళ్లలో “కరెంటు పెట్టడం” అంటారు గానీ ఇందులో కరెంటు షాక్ ఏమీ ఉండదు. సాధారణంగా 40 నుంచి 50 గ్రే మోతాదును రోజుకు కొంచెం చొప్పున, వారానికి 5 రోజులు, 4 నుంచి 5 వారాలు ఇస్తారు. చాలామందికి మధ్యలోనే నొప్పి తగ్గుతుంది. “తగ్గింది కదా” అని ఆపేస్తే గడ్డ పూర్తిగా అదుపులోకి రాదు. కోర్సు పూర్తి చేయాల్సిందే.
వెన్నుపూస విరిగినా, వెన్నుపాము నొక్కుకుపోయినా ఆపరేషన్ అవసరం కావచ్చు. సాధారణంగా ఆ తర్వాత కూడా రేడియేషన్ ఇస్తారు.

కీమో, మూలకణ మార్పిడి ఎప్పుడు?
ఒక్క గడ్డకే అందరికీ ఇవి ఇవ్వరు. జబ్బు మైలోమాగా మారితే బోర్టిజోమిబ్, లెనలిడోమైడ్, డెక్సామెథాసోన్ వంటి మందులు వాడతారు. తట్టుకోగలిగిన వారికి తమ సొంత మూలకణాలనే ముందుగా రక్తం నుంచి తీసి భద్రపరుస్తారు. తర్వాత మెల్ఫలాన్ అనే మందు ఎక్కువ మోతాదులో ఇచ్చి, ఆ కణాలను సెలైన్‌లా తిరిగి ఎక్కిస్తారు. ఇది కోత ఆపరేషన్ కాదు. దాత అవసరం లేదు.

చికిత్స అయిపోయాక
అసలు జాగ్రత్త ఇక్కడే. ఎముకలో గడ్డ వచ్చినవారిలో సుమారు సగం మందికి 10 ఏళ్లలోపు మైలోమా వస్తుంది. ఎముక బయట వచ్చినవారిలో ఇది తక్కువ. అందుకే బాగున్నా సరే, డాక్టర్ చెప్పిన గడువుకు (మొదట్లో సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి) పరీక్షలు చేయించుకోవాలి. కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది కాబట్టి మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకోవద్దు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు
కాళ్లు బలహీనపడటం, తిమ్మిరి, మూత్రం లేదా విరేచనంపై పట్టు తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఆలస్యమైతే నడక శాశ్వతంగా పోవచ్చు.

తెలంగాణలో పథకం సాయం
రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ముందుగా ఆరోగ్యమిత్రను కలవండి. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ చూపించండి. రేడియేషన్, మందులు, మార్పిడి – వీటిలో ఆ ఆసుపత్రిలో ఏవి పథకంలోకి వస్తాయో, అనుమతి వచ్చిందో లేదో చికిత్స మొదలయ్యే ముందే అడగండి. సందేహాలుంటే 104కి ఫోన్ చేయవచ్చు.

రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో తారీఖుల వారీగా దాచుకోండి. కొత్త డాక్టర్ ముందుగా అడిగేది అవే.