ఇళ్ల మధ్య కోళ్లు పెంచుతున్నారా? గూడు ఎక్కడుందో చూసుకోండి

మీ పెరట్లో అయిదారు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయనుకోండి. పదేళ్ల కిందట పక్కనంతా ఖాళీ స్థలం. ఇప్పుడక్కడ రెండంతస్తుల ఇల్లు లేచింది. వాళ్ల పడకగది కిటికీ సరిగ్గా మీ కోళ్ల గూటికి ఎదురుగా వచ్చింది. అప్పట్లో మీది పంచాయతీ, ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసింది. మీరు మారలేదు, మీ కోళ్లూ మారలేదు. అయినా ఒకరోజు శానిటరీ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో నిలబడి "మీ మీద కంప్లయింటు వచ్చిందమ్మా, కోళ్లు తీసేయాలి" అంటాడు.

ఇలాంటప్పుడు కొందరు భయపడి ఆ వారమే కోళ్లను అడిగిన ధరకు అమ్మేస్తారు. ఇంకొందరు "నా పెరడు, నా కోళ్లు, ఎవరేం చేస్తారు" అని పక్కింటివాళ్లతో తగువుకు దిగుతారు. రెండూ తొందరపాటే. అసలు నిబంధన ఏమిటో తెలిస్తే చాలాసార్లు కోళ్లూ ఉంటాయి, ఇరుగుపొరుగుతో మాటా ఉంటుంది.

వేల కోళ్ల ఫారాల సంగతి వేరు. 5 వేలు దాటిన ఫారాలకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో సవరించిన మార్గదర్శకాలు వర్తిస్తాయి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. ఇక్కడ చెప్పేది ఇంట్లో గుడ్ల కోసం, చేతి ఖర్చుల కోసం పెరట్లో పెంచుకునే నాలుగు కోళ్ల గురించే.

చట్టంలో ఏముంది?

పెరట్లో కోళ్లు ఉండటమే నేరమని న్యాయ సంహితలో ఎక్కడా లేదు. వాటివల్ల చుట్టుపక్కల జనానికి హాని, అపాయం, చికాకు కలిగితే అది పబ్లిక్ న్యూసెన్స్ అవుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 270వ సెక్షను. శిక్ష 292వ సెక్షనులో ఉంది, వెయ్యి రూపాయల వరకు జరిమానా. పాత ఐపీసీలో ఇది రూ.200. వెయ్యే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆపమని అధికారి ఉత్తర్వు ఇచ్చాక కూడా కొనసాగిస్తే 293వ సెక్షను కింద ఆరు నెలల వరకు సాధారణ జైలు, రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇంకో దారి ఆర్డీవో దగ్గరికి పోతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను (పాత సీఆర్‌పీసీలో 133) కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఫలానా గడువులోగా ఇబ్బంది తొలగించు, లేదంటే హాజరై నీ అభ్యంతరం చెప్పుకో అని అందులో ఉంటుంది. ఈ రెండో మాట చాలామంది చదవరు. నోటీసు రాగానే తీర్పు వచ్చేసినట్టు అనుకుంటారు.

ఇవిగాక పారిశుధ్యం చూసే అధికారం పంచాయతీకి, మున్సిపాలిటీకి వాటి చట్టాల ద్వారా ఉంది. స్థానిక నిబంధనలు అన్ని ఊళ్లలో ఒకేలా ఉండవు. మీ ఊళ్లో కోళ్ల గురించి ఏదైనా తీర్మానమో, ఉప నిబంధనో ఉందా అని సమాచార హక్కు చట్టం కింద కాగితం పెట్టి అడగండి. గ్రామ పంచాయతీలో దీనికి ఫీజు లేదు, మున్సిపాలిటీలో రూ.10. అద్దె ఇంట్లో ఉంటే అగ్రిమెంటు, అపార్ట్‌మెంటులో ఉంటే సంఘం నియమాలు కూడా చూసుకోవాలి.

కేరళలో ఏం జరిగింది?

2025 ఫిబ్రవరిలో కేరళలోని పత్తనంతిట్ట జిల్లా పళ్లిక్కల్ గ్రామంలో ఇలాంటి తగువే వచ్చింది. తెల్లవారుజామున మూడింటికే పక్కింటి పుంజు కూస్తోందని, నిద్ర ఉండటం లేదని ఒంట్లో బాగాలేని ఒక పెద్దాయన అడూరు ఆర్డీవోకు ఫిర్యాదు చేశారు. అధికారులు ఇద్దరి మాటా విన్నారు, వచ్చి స్థలం చూశారు. కోళ్లు పక్కింటి పైఅంతస్తులో ఉన్నాయని, ఇబ్బంది నిజమేనని తేల్చారు. అయితే కోళ్లను అమ్మేయమని ఉత్తర్వు ఇవ్వలేదు. గూటిని 14 రోజుల్లోగా అదే స్థలంలో దక్షిణం వైపుకు మార్చమన్నారు.

అంటే గొడవ ఆర్డీవో దాకా పోయినా చివరికి తేలింది గూడు చోటు దగ్గరే. ఆ పని ఫిర్యాదు రాకముందే మనం చేసుకుంటే పోలేదా?

పుంజు అవసరమా?

తగువుల్లో ఎక్కువ భాగం పుంజుతోనే. ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు. పుంజు లేకపోయినా పెట్ట తన వయసును, మేతను బట్టి గుడ్లు పెడుతూనే ఉంటుంది. ఆ గుడ్లు పొదిగితే పిల్లలు కావు, అంతే తేడా. తినడానికి ఏ లోటూ లేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేటు తెచ్చిన గ్రామప్రియ గుడ్ల కోసం ఉద్దేశించిన రకం. ఇళ్ల మధ్య ఉండేవాళ్లు ఇలాంటి పెట్టలు నాలుగు పెంచుకుని పుంజును తోటలోనో, ఊరి చివర చుట్టాల ఇంట్లోనో ఉంచితే సగం గొడవ తీరినట్టే. పిల్లలు కావాలనుకుంటే పుంజు ఉన్నవాళ్ల దగ్గర గుడ్లు తెచ్చి పొదుగుకు కూర్చున్న నాటు పెట్ట కింద పెట్టండి. 21 రోజులకు పిల్లలు బయటికొస్తాయి.

పుంజు ఉండితీరాలంటే రాత్రిపూట వెలుతురు చొరని గూట్లో మూయండి. వీధి దీపం వెలుగు పడినా కొన్ని కూస్తాయి. చీకటి గూడు కూతను తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు. గాలి ఆడేలా మాత్రం చూడాలి, గోనెసంచులతో బిగించి చుట్టేస్తే ఎండాకాలంలో ఉక్కకు చచ్చిపోతాయి. ఇక సంక్రాంతికి వరసగా పందెం పుంజులను కట్టేసేవారికి ఏం చెప్పినా చెవికెక్కదు. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 ప్రకారం పందేలు నేరమన్న సంగతి వారికీ తెలుసు.

వాసన, ఈగలు

ఎదిగిన పెట్ట రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. ఆరు పెట్టలంటే నెలకు 18 కిలోలు. పొడిగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. తడిస్తేనే ఘాటు వాసన పుడుతుంది, ఈగలు గుడ్లు పెడతాయి. గూట్లో మూడు నాలుగు అంగుళాల మందాన వరి ఊక పరచండి. రెండు మూడు రోజులకోసారి కర్రతో తిరగేయండి. నీళ్ల గిన్నె దగ్గరే ఎక్కువగా తడుస్తుంది కాబట్టి గిన్నెను ఇటుక మీద పెట్టండి, తడిసిన ఊకను ఆ పూటే ఎత్తేయండి. ఒక్కో పెట్టకు కనీసం రెండు చదరపు అడుగుల చోటు ఉండాలి. రెట్టను మురుగు కాలువలోకి ఊడ్చవద్దు. ఫిర్యాదుకు అంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. గొయ్యి తీసి ఆకు అలములతో కలిపి కుళ్లబెడితే కూరపాదులకు మంచి ఎరువు.

సాయంత్రం మిగిలిన నూకలు, తవుడు నేల మీద వదిలేయకండి. ఎలుకలు వస్తాయి, వాటి వెనక పాము వస్తుంది.

పక్కింటి పాదుల్లో పడితే?

గేదె పొలంలో పడితే బందెల దొడ్డికి తోలతారు. ఆ చట్టం 1871 నాటిది. అందులో ఏనుగు, ఒంటె, పంది, మేక కూడా ఉన్నాయి గానీ కోడి లేదు. కాబట్టి మీ కోడి తోటకూర మడి గీరేసిందని ఎవరూ దాన్ని దొడ్లో పెట్టలేరు. నష్టం జరిగితే మాత్రం పరిహారం అడిగే హక్కు వాళ్లకుంటుంది. కోపంతో రాయి విసిరి చంపినా, నూకల్లో మందు కలిపినా అది వాళ్ల మీదికి తిరుగుతుంది. న్యాయ సంహిత 325వ సెక్షను కింద అయిదేళ్ల వరకు జైలు. పాత చట్టంలో రూ.10 విలువ ఉన్న జంతువు అనే లెక్క ఉండేది, ఇప్పుడు ఆ లెక్క లేదు. అంతదాకా ఎందుకు, నాలుగడుగుల వల కంచె వేస్తే సరి. ఎగిరే పెట్టలకు ఒక రెక్క ఈకల కొసలు కత్తిరించండి.

కోళ్లు వరసగా చస్తే దాచొద్దు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం జాబితాలోని వ్యాధి సోకిందని అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో, పంచాయతీకో చెప్పాలి. పశువైద్యుడికి కబురు చేస్తే ఇంకా త్వరగా పని జరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా కానూరుల్లో బర్డ్ ఫ్లూ తేలింది. వ్యాధి బయటపడిన చోటు చుట్టూ కిలోమీటరు పరిధిలో ఫారం కోళ్లతోపాటు పెరటి కోళ్లనూ తీసేయడం నియమం. అలా ప్రభుత్వం తీసేసిన కోళ్లకు పరిహారం ఇస్తారు. అంతకుముందే చచ్చినవాటికి ఇవ్వరు. దాచిపెట్టినవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. చచ్చినవాటిని ఒట్టి చేతులతో తాకకండి, కాలువలో పారేయకండి. డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

కొక్కెర తెగులుకు టీకా వేయించిన కాగితం ఉంటే దాచుకోండి. మీరు శ్రద్ధగా పెంచుతున్నారని చూపడానికి పనికొస్తుంది.

నోటీసు వస్తే

ముందు పక్కింటికి వెళ్లండి. "వదినగారూ, మీకేది ఇబ్బందిగా ఉంది, కూతా, వాసనా?" అని అడిగితే సగం కేసులు అక్కడే ఆగుతాయి. తరువాత నోటీసులో ఏ చట్టం, ఏ సెక్షను, ఎంత గడువు అని ఉందో చూడండి. గడువు దాటకుండా రాతపూర్వకంగా జవాబివ్వండి. కోళ్లు ఎన్ని, గూడు గోడకు ఎన్ని అడుగుల దూరంలో ఉంది, రెట్ట ఏం చేస్తున్నారు, పుంజును ఎప్పుడు పంపించారు అన్నీ రాయండి. వచ్చి స్థలం చూడమని అందులోనే కోరండి. గూడు మార్చి ఉంటే మార్చక ముందు, మార్చిన తరువాత తీసిన ఫొటోలు జతచేయండి. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్నాకే ఇంటికి రండి.