గుడారంలో ఒక రాత్రి

పిల్లలూ, ముందు ఒక చిన్న లెక్క చేయండి. గురువారం రాత్రి ఎనిమిదింటికి మీ ఇంట్లో ఎవరు ఎక్కడ ఉంటారు? నాన్న సోఫాలో ఫోన్ చూసుకుంటూ, అమ్మ వంటింట్లో, అక్క తన గదిలో తలుపు వేసుకుని, మీరు మంచం మీద టాబ్లెట్‌తో. నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. కానీ ఆ గంటసేపట్లో ఒకరితో ఒకరు ఎన్ని మాటలు మాట్లాడారు? వాటిలో తెలుగు మాటలు ఎన్ని? "తిన్నావా", "హోంవర్క్ అయిందా", "లైట్ ఆపు". చాలా ఇళ్లలో ఇంతే. మా ఇంట్లో కూడా ఇంతే, దాచుకోవడం దేనికి!

ఇప్పుడు అదే నలుగురిని కువైట్ ఎడారిలో ఒక గుడారంలో పెడదాం. గది ఒక్కటే. తలుపు లేదు. చలి వేస్తోంది. ఒకరు తాడు పట్టుకోకపోతే ఇంకొకరు ముడి వేయలేరు. ఒకరు గాలికి అడ్డం నిలబడకపోతే ఇంకొకరు నిప్పు రాజేయలేరు. అక్కడ నోరు మూసుకుని కూర్చుంటే పని జరగదు. అందుకే ఈ పాఠం గుడారం గురించి.

ఇంకో కారణం కూడా ఉంది. గుంజ, మేకు, తాడు, ముడి, నిప్పు, బొగ్గు, బూడిద, వెన్నెల, చుక్కలు, మంచు. ఇవన్నీ తెలుగులో రోజూ వాడే మామూలు మాటలు. కానీ సాల్మియాలోనో మంగాఫ్‌లోనో ఐదో అంతస్తు ఫ్లాట్‌లో ఉండే పిల్లలకు వీటితో పనేముంది? అక్కడ గుంజ లేదు, మేకు లేదు, బూడిద అసలే లేదు. వస్తువు కనపడకపోతే మాట నోటికి రాదు. పుస్తకంలో పదిసార్లు రాయించినా రాని మాట, చేతిలో సుత్తి పట్టుకుంటే ఒక్కసారికే వస్తుంది.

కువైట్‌లో చలికాలం రాగానే చాలామంది ఎడారికి వెళ్తారని మీకు తెలుసు. అరబీలో ఎడారి మైదానాన్ని 'బర్' అంటారు. గుడారం 'ఖైమా'. గుడారాలు వేసుకుని ఉండే చోటు 'ముఖయ్యమ్'. తినడానికి తీసుకుని సరదాగా ఎడారికి వెళ్లి రావడాన్ని 'కష్తా' అంటారు. మా అబ్బాయి ఈ మాట మొదటిసారి విని, "సరదాగా వెళ్తే కష్టం అంటారేంటి?" అని అడిగాడు. రెండు మాటలకూ సంబంధం లేదు. కానీ గాలిలో గుడారం నిలబెట్టి చూశాక, వాడి ప్రశ్న మరీ తప్పేమీ కాదనిపించింది.

గుడారాలు వేసుకునే కాలం మామూలుగా నవంబరు నడుమ మొదలై మార్చి నడుమ ముగుస్తుంది. ఎక్కడ వేసుకోవచ్చో బలదియా, అంటే మునిసిపాలిటీ, చెబుతుంది. మిగతా నెలల్లో ఎందుకు వెళ్లరు అంటారా? కువైట్ వాయవ్య దిక్కున మిత్రిబా అనే చోట 2016 జూలై 21న 53.9 డిగ్రీల ఎండ కాసింది. ప్రపంచంలో సరిగ్గా కొలిచిన అతి ఎక్కువ వేడిమిలలో అదొకటి. అదే ఎడారిలో జనవరి రాత్రి దుప్పటి లేకుండా కూర్చోలేరు!

ఈ దేశంలో బుర్గాన్ దగ్గర చమురు దొరికింది 1938లో. ఓడలకెక్కించి అమ్మడం మొదలైంది 1946లో. అంతకు ముందు ఇక్కడ చాలా కుటుంబాలకు గుడారమే ఇల్లు. ఒంటెలనూ గొర్రెలనూ తోలుకుని, వాన పడి గడ్డి మొలిచిన చోటికి వెళ్లేవారు. ఎండాకాలం బావుల దగ్గరికి చేరేవారు. వారిని బెదూయిన్లు అంటాం. ఇప్పుడు వారి మనవలు పెద్ద పెద్ద ఇళ్లలో ఉంటున్నారు. అయినా చలికాలంలో పిల్లలను తీసుకుని ఎడారికి వెళ్తారు. తాత పుట్టిన ఇల్లు ఎలా ఉండేదో చూపించడానికి వాళ్లకు ఉన్న దారి అదే. మన వాళ్లు సెలవుల్లో మిమ్మల్ని అమ్మమ్మ ఊరికి తీసుకెళ్లడం లాంటిదే కదా!

ఆ పాతకాలపు గుడారాన్ని 'బైత్ అల్ షార్' అంటారు. వెంట్రుకల ఇల్లు అని అర్థం. మేక వెంట్రుకలతో నేసిన నల్లని గుడారం. ఎండలో ఆ నేత కొంచెం వదులుగా ఉండి గాలి లోపలికి వస్తుంది. వాన పడితే నూలు ఉబ్బి కన్నాలు మూసుకుపోతాయి, నీళ్లు అంత తొందరగా దిగవు. గుడారాన్నీ, లోపలి తెరలనూ, దిండ్లనూ ఆడవాళ్లే నేసేవారు. ఆ నేతను 'సదూ' అంటారు. 2020లో యునెస్కో దీన్ని మనుషులందరి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. కువైట్ నగరంలో నేషనల్ మ్యూజియం దగ్గర సదూ హౌస్ ఉంది, మీరు వెళ్లి మగ్గం చూడవచ్చు.

ఇది విన్నప్పుడు నాకు మన గొంగడి గుర్తొచ్చింది. తెలంగాణలో, రాయలసీమలో గొర్రెలు కాసేవాళ్లు నల్ల గొర్రె ఉన్నితో నేసిన గొంగడి కప్పుకుంటారు. చలికి దుప్పటి, వానకు గొడుగు, రాత్రికి పడక, అన్నీ అదే. వాళ్లు కూడా మేత కోసం మందతో పాటు ఊళ్లు తిరుగుతారు. రైతులు పిలిచి తమ పొలంలో రాత్రి మందను ఆపించుకుంటారు, నేలకు ఎరువు దొరుకుతుందని. కాపరి అక్కడే ఆరుబయట పడుకుంటాడు. కువైట్ ఎడారిలో మేక వెంట్రుక, మన మెట్ట పొలంలో గొర్రె ఉన్ని. ఒకరినొకరు చూడకుండానే ఇద్దరూ ఒకే ఉపాయం కనిపెట్టారు.

మరి మనకు ఊరు దాటి వెళ్లి కలిసి తినే అలవాటు లేదా? ఉంది. కార్తీక మాసంలో వనభోజనాలు! ఉసిరి చెట్టు కింద అందరూ కలిసి వండుకుని తింటారు. కార్తీకం వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఇక్కడ గుడారాల కాలం మొదలయ్యేదీ దాదాపు అప్పుడే. కాకపోతే వనభోజనానికి వెళ్లినవాళ్లు సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. రాత్రి ఉండిపోవడం వేరు. చీకటి పడ్డాకే అసలు సంగతి మొదలవుతుంది.

మా సంగతి చెబుతాను. ఒక జనవరిలో మేమూ ఇంకో రెండు కుటుంబాలూ కలిసి సుబియా వైపు ఒక రాత్రికి చోటు అద్దెకు తీసుకున్నాం. 2019లో షేక్ జాబర్ వంతెన తెరిచాక సముద్రం మీదుగా సుబియాకు తొందరగా వెళ్లిపోవచ్చు. ఆ వంతెన మీద అసలు దారి సుమారు 36 కిలోమీటర్లు. పిల్లలకు అదే సగం పండగ.

అక్కడ పెద్ద గుడారం ఒకటి వేసే ఉంది. పక్కన మేం తెచ్చుకున్న చిన్న గుడారం వేయబోయాం. మగవాళ్లం ముగ్గురం ఇంజినీర్లమే. మూడుసార్లు నిలబెట్టాం, మూడుసార్లూ పడిపోయింది. దూరం నుంచి చూస్తున్న కాపలాదారు నవ్వు ఆపుకుంటూ వచ్చాడు.

"మేకు అట్ల నిట్టనిలువునా కొడితే గాలికి పెరుక్కోని వస్తాది సార్. మేకు తల గుడారానికి అవతలికి వాల్చి కొట్టండి. తాడు ఇట్ల ఏటవాలుగా లాగల్ల."

మాది తెలుగని ఆయనకు మా అరుపులు విన్నప్పుడే తెలిసిపోయింది. ఆయనది కడప జిల్లా. చలికాలం నాలుగు నెలలూ ఆ గుడారాల దగ్గరే ఉంటాడట. పిల్లలు ఆయన చుట్టూ చేరారు. ఆయన ఒక్కో వస్తువు చూపించి "ఇదేంది పాపా?" అని అడగడం, వాళ్లు "పోల్", "పెగ్" అనడం, ఆయన "కాదు, గుంజ. ఇది మేకు" అని దిద్దడం. అరగంటలో మా అమ్మాయి "నాన్నా, ఆ గుంజ వదులుగా ఉంది, ముడి గట్టిగా వెయ్యి!" అని నా మీదే కేకలు వేసింది. తెలుగు బడిలో నేను ఏడాదిగా చెప్పలేకపోయిన పాఠం అది.

రాత్రి బాగా చలి పెరిగింది. మాంసం కాల్చుకున్న కుంపటిలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. పిల్లలు వెచ్చగా పడుకుంటారని నేనే ఆ కుంపటిని గుడారం లోపలికి తీసుకెళ్లబోయాను. ఆయన పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సార్, వద్దు! పొద్దున లేవరు!" అన్నాడు.

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. బొగ్గు కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనిపించకపోయినా, బొగ్గు ఆరిపోయినట్టే ఉన్నా అది వస్తూనే ఉంటుంది. మూసి ఉన్న గుడారంలో అది నిండిపోతే ముందు తలనొప్పి, తర్వాత వాంతి, మగత. నిద్రపోతున్నవాళ్లకు అవి కూడా తెలియవు. ప్రతి చలికాలం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట కుటుంబాలకు కుటుంబాలే ఇలా నిద్రలో చనిపోతున్నాయి. నేను చదువుకున్నవాడిని, ఈ వాయువు పేరు పరీక్షలో రాసినవాడిని. అయినా ఆ రాత్రి నాకు గుర్తు రాలేదు. కాబట్టి పెద్దవాళ్లు కుంపటి లోపలికి తెస్తుంటే మీరు చెప్పండి. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదని నేర్పుతాం కదా, ఈ ఒక్క విషయంలో చెప్పాలి. ఎవరికైనా తల తిరిగితే వెంటనే బయట గాలిలోకి తీసుకురండి, 112కు ఫోన్ చేయించండి.

ఇంకో రెండు మాటలు కూడా ఆయన దగ్గరే విన్నాం. పల్లంలో గుడారం వేయకూడదు. ఎడారిలో వాన తక్కువే గానీ, పడితే నీళ్లన్నీ పల్లానికే పరుగెడతాయి. 2018 నవంబరులో కువైట్‌లో వరదలు వచ్చాయి. ఇక ఇసుకలో ఇనుప ముక్క ఏదైనా వింతగా కనిపిస్తే ముట్టుకోకూడదు. 1990-91 యుద్ధంలో మిగిలిపోయిన పేలుడు సామాను ఇప్పటికీ అక్కడక్కడ బయటపడుతుంటుంది. దూరంగా జరిగి పెద్దవాళ్లకు చెప్పాలి.

కుంపటి బయటే ఉంది కాబట్టి మేమూ బయటే కూర్చున్నాం, దుప్పట్లు కప్పుకుని. దీపాలు ఆపేశాం. అప్పుడు పైకి చూస్తే, అబ్బో! అన్ని చుక్కలు ఉంటాయని మా పిల్లలకు తెలియదు. సరిగ్గా నెత్తి మీద చిన్న చుక్కల గుంపు ఒకటి కనిపించింది. సంస్కృతంలో కృత్తికలు. మన పల్లెల్లో 'పిల్లలకోడి' అంటారు, కోడి చుట్టూ పిల్లలు చేరినట్టు ఉంటుందని. అరబీలో 'సురయ్యా'. మీ బడిలో సురయ్యా అనే అమ్మాయి ఉంటే, ఆమె పేరు ఈ చుక్కలదే!

రాత్రి పదిన్నరకు దక్షిణాన, నేలకు దగ్గరగా ఒక పెద్ద చుక్క మెరిసింది. అది 'సుహైల్'. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో అది తెల్లవారుజామున మొదటిసారి కనిపిస్తే ఎండాకాలం ముగింపుకొచ్చిందని ఇక్కడివాళ్లు సంబరపడతారు. ఆ చుక్కనే మన వాళ్లు అగస్త్య నక్షత్రం అంటారు. అగస్త్య మహర్షి వింధ్య పర్వతం దాటి దక్షిణానికి వెళ్లి తిరిగి రాలేదని కథ. హైదరాబాదులో అది ఇంకా కొంచెం ఎత్తున కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఊరు మనకంటే దక్షిణాన ఉంది. ఆ కథ చెప్పింది నేను కాదు, మా ఆవిడ. పదేళ్లలో ఆమె నోట ఆ కథ నేను వినలేదు. ఎప్పుడూ అడగలేదు కూడా.

కాపలా మామయ్య (అప్పటికి పిల్లలకు మామయ్య అయిపోయాడు) కొంచెం దూరంగా ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఊళ్లో వాళ్ల అమ్మాయి నాలుగో తరగతి, మా అమ్మాయి కూడా అంతే. వీడియోలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు. "మీ నాన్న మాకు గుడారం వేయడం నేర్పించారు" అంది మా అమ్మాయి. అవతలి పాప, "మాకెప్పుడూ నేర్పీలేదు" అంది. ఆయన నవ్వాడు, కానీ వెంటనే మాట మార్చాడు. మనకు ఒక రాత్రి సరదా అయిన చోటు ఆయనకు కొలువు. కుటుంబం కలిసి కూర్చోవడానికి గుడారం వేసేది ఆయన, తన కుటుంబంతో కూర్చోలేనిదీ ఆయనే. దీని గురించి మా పిల్లలు తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలా ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ నా దగ్గర జవాబులు లేవు.

పొద్దున్నే ఇసుకలో నడిచాం. వానలు బాగా పడిన ఏడాది అక్కడ ఎర్ర గీతల కాయలతో ఒక చిన్న మొక్క మొలుస్తుంది. అరబీలో హుమ్మైద్ అంటారు, ఆకు పుల్లగా ఉంటుంది. అమ్మ పప్పులో వేసే చుక్కకూర అదే జాతి! ముళ్ల పొదలా కనిపించేది అర్ఫజ్, వసంతంలో పసుపు పూలు పూస్తుంది, కువైట్ జాతీయ పుష్పం. కార్లు పొదల మీద నడిపితే, నేల గట్టిపడి విత్తనం మొలవదు. అందుకే దారి తప్పి బండి నడపొద్దని అంటారు. సంచులూ సీసాలూ ఏరుకుని, బూడిద మీద నీళ్లు పోసి, మేకులు లెక్కపెట్టుకున్నాం. ఒకటి తక్కువైంది. ఇప్పటికీ దొరకలేదు.

కొత్త మాటలు

గుడారం: గుడ్డతో వేసుకునే ఇల్లు. గుంజ: గుడారాన్ని నిలబెట్టే కర్ర. మేకు: తాడు కట్టడానికి నేలలో కొట్టేది. కుంపటి: బొగ్గులు వేసి రాజేసే పొయ్యి. పల్లం: చుట్టూ ఉన్న నేల కంటే కిందికి ఉన్న చోటు. గొంగడి: గొర్రె ఉన్నితో నేసిన దుప్పటి. కొలువు: ఉద్యోగం.

చెప్పండి, రాయండి

1. మేకును ఎలా కొట్టాలో మీ తమ్ముడికి చెబుతున్నట్టు మూడు వాక్యాల్లో చెప్పండి. బొమ్మ కూడా గీయండి.

2. కుంపటిని గుడారంలోకి ఎందుకు తీసుకెళ్లకూడదు? మీ మాటల్లో రాసి, ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

3. "మాకెప్పుడూ నేర్పీలేదు" అన్న పాపకు మీరు ఒక ఉత్తరం రాయండి. ఐదు వాక్యాలు చాలు.

4. ఈ శుక్రవారం రాత్రి ఇంట్లో దీపాలు, ఫోన్లు అన్నీ ఒక గంట ఆపేయండి. దుప్పటితో గుడారం కట్టండి. అమ్మనో నాన్ననో వాళ్ల చిన్నప్పుడు ఆరుబయట పడుకున్న రాత్రి గురించి అడగండి. వాళ్లు చెప్పినదానిలో మీకు తెలియని మాటలు ఎన్ని వచ్చాయో రాసి, వచ్చే వారం తరగతికి తీసుకురండి.