మేస్త్రీని పిలవకముందు

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో తాతల నాటి ఇల్లు అమ్ముకోకుండా నిలుపుకొన్న పిల్లల కోసం, గోడల చెమ్మ గురించి నాకు తెలిసిన నాలుగు ముక్కలు.

1. చెమ్మ ఎటునుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. నేలలోంచి ఎగబాకేది అడుగున మొదలై మామూలుగా మూడు నాలుగడుగుల దగ్గర ఆగుతుంది. ఆగినచోట అడ్డంగా ఒక చార, తెల్లగా ఉప్పు పూత కనిపిస్తాయి. పైకప్పు కింద మరకుంటే అది వాననీరు. నడి ఎండాకాలంలోనూ ఒక్కచోటే తడి ఉంటే పైపును అనుమానించండి. పక్కనే దూద్ బౌలి, మూసా బౌలి ఉన్నాయి కదా, బౌలి అంటేనే బావి, ఇటువైపు పాత ఇళ్లలో బావులు ఉండేవి. చెమ్మ అక్కడినుంచీ రావచ్చు, మీ ఇంట్లో పూడ్చిన బావి ఎక్కడుందో పెద్దవాళ్లనడగండి.

2. వీధి ఎత్తు చూడండి. నన్నడిగితే సగం రోగం ఇక్కడే. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు పోస్తూ పోయారు. మెట్లెక్కి వెళ్లే ఇళ్లలోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నాం. అరుగులు పూడిపోయాయి, నేలకు పైన ఉండాల్సిన గోడ తడి మట్టిలో నిలబడింది. గ్రానైటు రాయి నీళ్లు పెద్దగా పీల్చదు, రాళ్ల మధ్య మట్టీ సున్నమూ పీలుస్తాయి. పెరటి వైపైనా గోడకు ఆనుకున్న మట్టి తీసి, లోపలి నేలకంటే కిందికి దించి, నీళ్లు పోయేలా వాలు పెట్టించండి. వీధి వైపు సంగతి గల్లీ అంతా కలిసి అడగాల్సిందే. ఒక్కరు అడిగితే వినేవాళ్లు లేరు.

3. సిమెంటు గిలాబా వద్దు. డంగు సున్నపు గోడ తడి పీలుస్తుంది, తనే ఆరబెట్టుకుంటుంది. పైన సిమెంటు కొడితే ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. టైల్సు, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు చేసేదీ అదే. కొన్నాళ్లు తళతళలాడి పెచ్చులుగా రాలతాయి. చారకు అడుగు పైదాకా సిమెంటు చెక్కించి, సున్నం గిలాబా చేయించి, సున్నమే వేయించండి. సున్నం పాతబడిన పని అనేవాళ్లను ఖిల్వత్‌కు తీసుకెళ్లి చౌమహల్లా ప్యాలెస్ చూపించండి. సున్నం వాడి చేసిన ఆ ప్యాలెస్ మరమ్మతులకు 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది.

4. ఉప్పును కడగొద్దు. నీళ్లు తగిలితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చి, ఎత్తి బయట పారేయండి.

5. గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని లెక్కేసుకోండి. పద్దెనిమిది అంగుళాల గోడకు ఏడాదిన్నర. సంక్రాంతి దాటాక పని మొదలుపెడితే ఎండలు కలిసొస్తాయి. బీరువాలు గోడకు జానెడు దూరం జరపండి.

6. గోడకు వరసగా రంధ్రాలు పెట్టి మందు ఎక్కిస్తామని వస్తారు. ఇటుక గోడకైతే అది కొంత నయం. రాయీ మట్టీ కలిపి కట్టిన లావుపాటి గోడలో సందులెక్కువ, మందు అంతటా సమంగా పట్టదు. గ్యారంటీ కాగితం చూపించినా సరే, పైపులూ వాలూ సరిచేయించి ఒక వేసవి గడిచేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.