భయము ముందు, తలంపు తరువాత

చీకటిలో త్రాడును చూచి పామని ఉలిక్కిపడనివారు మనలో ఎవరు? అది త్రాడని తెలియకమునుపే కాలు వెనుకకు పడును, గుండె దడదడలాడును. తలంపు కంటె ముందుగా భయము ఎట్లు వచ్చును? ఈ పాఠములో చూచెదము.

1. రెండు దారులు
మెదడులో ఇరుప్రక్కల, చెవులకు లోతట్టున, బాదంపప్పు వంటి చిన్న భాగము ఒక్కొక్కటి కలదు. దానిని అమిగ్డలా అందురు. కన్ను చూచినది, చెవి విన్నది దానికి రెండు దారులలో చేరునని ఎలుకలపై పరిశోధించిన జోసెఫ్ లెడూ చూపెను. అడ్డదారి త్వరగా చేరును గాని దానిలో వివరము తక్కువ. మెదడు పైపొర గుండా పోవు చుట్టుదారి ఆలస్యమైనను, పామో త్రాడో తేల్చి చెప్పును. మనుష్యులలో అడ్డదారి ఎంతవరకు పనిచేయునో పండితులింకను చర్చించుచున్నారు.

2. చిత్రములు చూపినది
ఎఫ్.ఎం.ఆర్.ఐ. యంత్రము పుర్రె తెరవకయే, రక్తములోని ప్రాణవాయువు మార్పును బట్టి మెదడులో ఏ భాగము పనిచేయుచున్నదో చూపును. 1998లో ప్రచురింపబడిన ఒక పరీక్షలో, భయపడిన ముఖమును సెకనులో ముప్పదవ వంతు మాత్రమే చూపి, వెంటనే మామూలు ముఖమును చూపిరి. ఎక్కువమంది భయపు ముఖమును చూడలేదనిరి. అయినను వారి అమిగ్డలా చురుకయ్యెను.

3. భయమెరుగని స్త్రీ
ఎస్.ఎం. అను అక్షరములతో పిలువబడిన అమెరికా స్త్రీకి అరుదైన వ్యాధి వలన రెండు అమిగ్డలాలును పాడైనవి. ఆమె ఇతరుల ముఖములలో భయమును గుర్తింపలేదని 1994లో ప్రకటించిరి. పాములను చూచినను ఆమె జంకలేదు. అయితే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కలిపిన గాలి పీల్చినప్పుడు ఆమెయు భీతిల్లెనని 2013లో తెలిసెను. గనుక భయమంతయు అమిగ్డలా పనియే కాదు.

4. భయము తగ్గుట
2004 నాటి మరియొక పరిశోధనలో, ఒక రంగు చతురస్రము కనబడినప్పుడు చేతికి స్వల్పముగా విద్యుత్తు తగిలించి భయము నేర్పిరి. పిమ్మట విద్యుత్తు లేకుండ చూపి ఆ భయమును తగ్గించిరి. తగ్గిన భయమును అదుపులో నుంచుటలో నుదుటి వెనుకనున్న మెదడు లోభాగము పాలుపొందెను. పాత భయము చెరిగిపోదు; "ఇక్కడ అపాయము లేదు" అను క్రొత్త పాఠము దాని ప్రక్కన చేరును. అందుకే అణగిన భయము ఒక్కొక్కప్పుడు తిరిగివచ్చును.

మనకు పాఠము
బిడ్డ చీకటికి జడిసినను, ప్రమాదము నుండి బయటపడినవారు బస్సెక్కుటకు వెనుదీసినను, "పిరికి" అని నవ్వకుందము. వారు కోరి భయపడుటలేదు. చేయి పట్టుకొని కొద్దికొద్దిగా, మరల మరల నడిపింతము. భయము తీవ్రమైనయెడల వైద్యుని యొద్దకు తీసికొనిపోవుటకు సిగ్గుపడకుందము.

ఆలోచించుడి
1. త్రాడని తెలిసిన తరువాతను గుండెదడ వెంటనే ఎందుకు ఆగదు?
2. మన యింటిలో ఎవరి భయమును మనము ఎగతాళి చేసితిమి?