థెరపీ కుక్క గుమ్మం దాటాలంటే ఏ కాగితాలు అడగాలి?

శిక్షణ పొందిన కుక్కలను ప్రయాణికుల మధ్య తిప్పి, వాళ్ల ఆందోళన తగ్గించే ప్రయోగం 2025లో శంషాబాద్ విమానాశ్రయంలో మొదలైంది. వీటిని థెరపీ కుక్కలంటున్నారు. పెద్ద నగరాల్లో ఇవి ఆసుపత్రులకు, వృద్ధాశ్రమాలకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడులకు కూడా వెళ్తున్నాయి. మన మార్టూరు లాంటి చిన్న ఊళ్లకూ రేపోమాపో ఈ ఆలోచన రాక మానదు. రావడం మంచిదే. అయితే మన దేశంలో థెరపీ జంతువుల కోసం ప్రత్యేక చట్టం లేదు. అందుకని ఎవరైనా, ఏ కుక్కనైనా మంచంలో ఉన్న మనిషి దగ్గరికి తీసుకుపోవచ్చని అనుకుంటే పొరపాటు. ప్రత్యేక చట్టం లేని చోట సాధారణ చట్టాలే వర్తిస్తాయి. వాటి ప్రకారం చూస్తే కుక్క ఆరోగ్యానికీ, అర్హతకూ రుజువు అడగడం రోగి హక్కు, చూపించడం తెచ్చినవారి బాధ్యత.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ చూడండి. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు గానీ, తీవ్ర గాయం గానీ కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక్కడ కీలకం ‘తగిన జాగ్రత్త’ అన్న మాట. అనర్థం జరిగాక యజమాని ఏం జాగ్రత్త తీసుకున్నాడో తేల్చేది టీకా కార్డు, పశువైద్యుడి ధ్రువపత్రం లాంటి కాగితాలే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 3వ సెక్షన్ ఇంకో వైపు నుంచి మాట్లాడుతుంది. జంతువు బాగోగులు చూసి, దానికి అనవసర బాధ కలగకుండా కాపాడడం యజమాని విధి. బెదిరిపోయే కుక్కను నలుగురి చేతుల మధ్యకు నెట్టడం ఆ విధికి విరుద్ధం.

ఏ జాగ్రత్తలు చాలు అన్నదానికి మంచి కొలమానం ఉంది. ఆసుపత్రుల్లోకి వచ్చే జంతువుల గురించి అమెరికాలోని ఆరోగ్య అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. కుక్కకు కనీసం ఏడాది, వీలైతే రెండేళ్ల వయసు ఉండాలి. గడిచిన 90 రోజుల్లో పచ్చి మాంసం తిని ఉండకూడదు. ఒక్కో సందర్శన గంటకు మించకూడదు. తాకే ముందూ, తాకాకా అందరూ చేతులు శుభ్రం చేసుకోవాలి. కోడిమాంసం దుకాణం నుంచి తెచ్చిన పేగులు, కాళ్లు పచ్చిగా వేసే అలవాటు మన దగ్గర మామూలే. అలా తిన్న కుక్క పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా సాల్మొనెల్లా లాంటి క్రిములను మోసుకురావచ్చు. దానికి తోడు మన ప్రాంతానికంటూ కొన్ని జాగ్రత్తలు అవసరం. మిరప కల్లంలో తిరిగొచ్చిన కుక్క పాదాలకూ, బొచ్చుకూ కారం అంటి ఉంటుంది. దాన్ని నిమిరిన పెద్దాయన అదే చేత్తో కళ్లు తుడుచుకుంటే ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు. పురుగుమందు కొట్టిన పత్తిచేలో తిరిగిన కుక్క సంగతీ అంతే. కాబట్టి స్నానం చేయించి, పాదాలు తుడిచి, గోమార్లు లేవని చూశాకే లోపలికి తేవాలి.

ఆరోగ్యం ఒక్కటే అర్హత కాదు. ఊతకర్ర కింద పడినా, చక్రాల కుర్చీ కిర్రుమన్నా, పిల్లవాడు ఒక్కసారిగా చెవి పట్టి లాగినా తొణక్కుండా ఉండే కుక్కే ఈ పనికి పనికొస్తుంది. అవతలి మనిషి ఇష్టం అంతకంటే ముఖ్యం. మానసిక చికిత్స పొందేవారి సమ్మతికి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పెద్దపీట వేసింది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. స్పిన్నింగ్ మిల్లుల్లో ఏళ్ల తరబడి దూది ధూళి పీల్చి ఆయాసపడేవారికి, ఒంటిపై మానని పుండ్లున్నవారికి డాక్టరు సరేనన్నాకే కుక్కను దగ్గరికి రానివ్వాలి.

‘మా కుక్క ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు, కాగితాలెందుకు?’ అని కొందరంటారు. ఏనాడూ ప్రమాదం చేయని డ్రైవరుకైనా లైసెన్సు తప్పదు కదా. పైగా రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే టీకా విషయంలో నమ్మకం చాలదు, రుజువు కావాలి. ‘ఇదంతా ఖర్చుతో కూడిన పని’ అన్నది ఇంకో మాట. ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఆసుపత్రుల్లో, బడుల్లో కుక్కలు ఉండరాదని సుప్రీంకోర్టే చెప్పింది కదా అని అడిగేవారూ ఉన్నారు. 2025 నవంబరు 7 నాటి ఆ ఆదేశం వీధికుక్కల గురించినది. యజమాని చేతి గొలుసుతో, సంస్థ అనుమతితో వచ్చే పెంపుడు కుక్క సంగతి వేరు. అయితే థెరపీ కుక్కకు ఎక్కడికైనా వెళ్లే హక్కు మాత్రం ఏ చట్టమూ ఇవ్వలేదు. వద్దనే అధికారం సంస్థకు ఉంది, తనకు వద్దనే హక్కు రోగికి ఉంది.

అందువల్ల సంస్థ నడిపేవారు ఏడాది లోపు వేయించిన రేబిస్ టీకా కార్డు, ఈ మధ్యే పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం, నులిపురుగుల మందు వేసిన వివరం, కుక్కను తెచ్చే వ్యక్తి రాతపూర్వక హామీ తీసుకుని దస్త్రంలో పెట్టుకోవాలి. కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో పావుగంట ధారగా కడిగి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి. డబ్బు తీసుకుని సేవలందించే ఆశ్రమం నిర్లక్ష్యం చేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మీ అమ్మానాన్నలో, మీ బిడ్డో ఉన్న చోటికి ఎవరైనా ప్రేమగా కుక్కను తెస్తే సంతోషంగా ఆహ్వానించండి. దాని టీకా కార్డు మాత్రం మొహమాటపడకుండా అడగండి.